అడుగున్నర

మా మరిది తన వాటాలోకి కాలుపెట్టిన తొలి క్షణంలోనే పై గుమ్మం అతని నుదుటిని గట్టిగా పలకరించింది. ఒక చేతిలో పెట్టె, భుజం మీద చుట్టిన పరుపు, తడుముకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అక్కడే నిలబడి కళ్ళు మూసుకుని, కాసేపాగి నవ్వాడు.

"పర్లేదు వదినా, ఇల్లు నన్ను గుర్తుపట్టింది," అన్నాడు.

వెనక మెట్ల మీద నీళ్ళ బకెట్‌తో నేనున్నాను. నవ్వాలి కాబట్టి నవ్వాను.

ఎండలు ముదురుతున్న రోజులవి. అతను కరెంటు లైన్‌మన్. తోటివాళ్ళు అతన్ని పేరుతో పిలవరు, 'నిచ్చెన' అంటారు. స్తంభం సగం ఎక్కకుండానే తీగ అందుకుంటాడని. ఆరడుగులు దాటి ఇంకో రెండంగుళాలు. నాలుగేళ్ళు ఎక్కడో దూరాన పనిచేసి, బదిలీ మీద భార్యనీ మూడేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని ఆ వేసవిలో ఇంటికొచ్చాడు. ఇల్లంటే, అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. కింది వాటా మాది, పై వాటా అతనిది. కట్టేటప్పుడు అతను ఊళ్ళో లేడు. "అన్నయ్య చూసుకుంటాడు" అన్నాడు, అంతే. ఆ రెండు మాటలతో ఇల్లు మొత్తం మా చేతిలో పెట్టాడు.

సామాను దించాక గది గదీ తిరిగాడు. హాలు మధ్యలో అడ్డంగా ఒక దూలం ఉంది. దాని కింద తల వంచాడు. ఫ్యాను దగ్గర పక్కకి తప్పుకున్నాడు. పడగ్గదిలో చెయ్యెత్తి అరచేతిని పైకప్పుకి ఆనించి చూశాడు. మోచెయ్యి పూర్తిగా చాపాల్సిన అవసరం కూడా రాలేదు.

"ఎత్తు కొంచెం తగ్గినట్టుంది కదా అన్నయ్యా," అని అడిగాడు. నిలదీసి కాదు, మామూలుగానే.

మా ఆయన వడ్రంగి. కిటికీ రెక్క సరిగ్గా పడుతుందో లేదో చూస్తున్నట్టు అటు తిరిగి, మొత్తం ఇంటి ఎత్తు ఇంతకి మించకూడదని అనుమతి ఇచ్చేవాళ్ళు కట్టడి పెట్టారనీ, ఆ లోపలే రెండంతస్తులూ లేపాల్సి వచ్చిందనీ చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ అది నిజంలో సగమే.

మిగతా సగం నాకు తెలుసు. కాగితం మీద గీసిన ప్లానులో కింద తొమ్మిదడుగులు, పైన తొమ్మిదడుగులు. కట్టింది కింద పదిన్నర, పైన ఏడున్నర. ఆ అడుగున్నర కిందికి దిగింది నా మూలంగా.

నేను కర్టెన్లు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా మెడలో టేపు వేసుకుని ఇతరుల ఇళ్ళ కిటికీలు కొలుస్తున్నాను. పెద్ద పెద్ద హాళ్ళలో నిచ్చెనెక్కి, పైనుంచి కిందికి జారే గుడ్డకి కుచ్చిళ్ళు సర్దుతూ, ఆ ఎత్తులో నిలబడి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. అప్పట్లో మేమున్న అద్దె గదికి రేకుల కప్పు. కుట్టే గుడ్డని నిలువుగా వేలాడదీసి చూసుకునే వీలే లేదు, మంచం మీద మడతల్లోనే చూసుకోవాలి. అందుకే కింది అంతస్తు గోడలు లేచి, శ్లాబుకి చెక్కలు బిగించే ముందు రోజు ఆ ఇసుక కుప్పల మధ్య నిలబడి మా ఆయనతో, ఇంకో అడుగున్నర లేపుదాం అన్నాను.

ఆయన నా వంకా గోడ వంకా చూశాడు. "పైన వాడికి తగ్గుతుంది," అన్నాడు.

"అతనొచ్చి ఉండేది ఎప్పుడో. మనం ఉండేది ఇప్పుడు," అన్నాను.

నేను నోరు తెరిచి ఏదైనా అడగడం మా కాపురంలో అరుదు. ఆయన వెళ్ళి మేస్త్రితో చెప్పాడు. మాకు పిల్లల్లేరు. నేను ఐదడుగులకి ఒక వేలు తక్కువ, ఆయన నాకన్నా నాలుగు వేళ్ళు ఎక్కువ. అలాంటి ఇద్దరం పదిన్నర అడుగుల కప్పు కింద మూడేళ్ళు హాయిగా బతికాం. పైన తాళం వేసి ఉంది కాబట్టి మనసు మీద కూడా తాళం పడింది.

*

పై వాటా మీద నేరుగా ఎండ పడుతుంది. కప్పు ఎంత దగ్గరైతే వేడి అంత దగ్గర. మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి ఆ గదుల్లో పెనం మూత కింద కూర్చున్నట్టుండేది. పైగా ఫ్యాను రెక్క మా మరిది చెవి పక్కనుంచి పోతోంది. రెండోరోజే అతను ఫ్యాన్లన్నీ విప్పేసి గోడలకి చిన్న ఫ్యాన్లు బిగించుకున్నాడు. దూలానికి, గుమ్మాలకి మాత్రం ఏ బిగింపూ లేదు. వాటికి తనే వంగాలి.

పది రోజుల్లో అది ఒంటికి పట్టేసింది. కింద మా హాల్లో కూర్చోడానికి వచ్చినప్పుడు కూడా మెడ ముందుకి వాల్చి నడిచేవాడు. వీధిలో నడుస్తున్నా అంతే. ఒకరోజు నేను బజారు నుంచి వస్తూ, ఎదురుగా వస్తున్నది ఎవరో పెద్దాయన అనుకుని పక్కకి తప్పుకున్నాను. దగ్గరికొచ్చాక "ఏంటి వదినా, దారిస్తున్నారు," అన్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు.

అతని భార్య, నా తోడికోడలు, బస్సు కండక్టరు. గలగలా మాట్లాడుతుంది గానీ ఒక్క మాట కూడా వృథాగా ఖర్చుపెట్టదు. ఓరోజు డ్యూటీ దిగి సంచీ భుజాన ఉండగానే మా గుమ్మంలో ఆగింది.

"అక్కా, మీరు గొప్ప గొప్ప ఇళ్ళు చూసుంటారు. పొట్టి గదిని పొడుగ్గా చూపించే ఉపాయాలేమైనా ఉంటాయా? ఈయన ఇంట్లో కూడా బస్సెక్కినట్టే తిరుగుతున్నాడు."

ఆమె మాట పూర్తి కాకముందే ఉన్నాయి అనేశాను. అంత ఆత్రంగా అన్నందుకు నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె నావైపు ఒక్క క్షణం ఎక్కువే చూసి, అయితే మీ ఇష్టం అక్కా, అని మెట్లెక్కిపోయింది.

*

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. పొట్టి గదికీ అంతే. నాకు తెలిసినవన్నీ ఆ ఇంటి మీద ప్రయోగించాను.

ముందు బీరువా మీద, అలమర మీద పేర్చిన పెట్టెలూ మూటలూ దింపించాను. కప్పుకీ బీరువాకీ మధ్య ఖాళీ కనబడాలి, అక్కడ ఏదైనా ఇరుక్కుని ఉంటే కన్ను వెంటనే ఇరుకు అని చెప్పేస్తుంది. తర్వాత గోడ పైభాగంలో చుట్టూ వేసిన ముదురు రంగు పట్టీని గీకించాను. ఆ పట్టీ ఉందంటే గోడ ఇక్కడితో అయిపోయిందని అరిచి చెప్పినట్టే. గోడలకీ కప్పుకీ దూలానికీ ఒకటే రంగు, పాలల్లో చుక్క పసుపు కలిపినట్టుండే లేత రంగు. కప్పుకి మాత్రం కొంచెం మెరుపున్న రకం. వేలాడే బల్బులు తీయించి, వెలుతురు కింద పడకుండా పైకి కొట్టేలా గోడలకి దీపాలు పెట్టించాను. అది మా మరిది పనే, నేను వేలు చూపించిన చోటల్లా తీగ లాగాడు.

ఇక ఎత్తు పెంచలేనప్పుడు మిగతావాటిని తగ్గించాలి. మా ఆయన రంపం పట్టుకొచ్చి మంచాల కాళ్ళు కోశాడు. కుర్చీల కాళ్ళు, బల్ల కాళ్ళు కోశాడు. కోసిన ముక్కల్ని పాప వరసగా నిలబెట్టి ఆడుకుంది. మా మరిది ఆ ముక్కల వంకా తన మోకాళ్ళ వంకా చూసుకుని, "అన్నీ అయిపోయాయి అన్నయ్యా, ఇక మిగిలింది నా కాళ్ళే," అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు కదులుతాయంతే.

రెండు వారాలు ఇల్లంతా పైనే. డ్యూటీ లేని పూటల్లో నా తోడికోడలు రోలరు పట్టేది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, జుట్టుకి గుడ్డ చుట్టుకుని, గోడ మీద కిందినుంచి పైకి ఒక్క ఊపులో లాగేది. భోజనాలు మా హాల్లో, అందరం కలిసి. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు ఒకే చొక్కా మార్చి మార్చి వేసుకున్న సంగతులు చెప్పుకునేవారు. మా మరిది అన్న మాట ఒకటి నాకు ఇప్పటికీ వినబడుతుంది. నాకంటే పొట్టి అయినా నేను తలెత్తి చూసేది అన్నయ్యనే, అన్నాడు. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

ఆరోజు చేతులు కడుక్కుంటూ నాతో మెల్లగా, చెప్పేస్తే పోలా, అన్నాడు. పని కానీ, అన్నాను. గది బాగా కుదిరాక చెబితే అంత బాధ ఉండదని నా లెక్క. నిజం చెప్పాలంటే, గది బాగా కుదిరితే చెప్పాల్సిన అవసరమే రాదని నా ఆశ.

చివరికి కర్టెన్లు. కిటికీ పైన కాదు, కప్పుకి ఆనించి రాడ్డు బిగించాలి. గుడ్డ అక్కణ్ణుంచి జారి నేలని తాకాలి. కిటికీ ఎంత చిన్నదన్నది ఎవరికీ తెలియకూడదు. గోడ రంగులోనే, నిలువు గీతలు కనీ కనబడనట్టున్న బట్ట ఏరి తెచ్చాను. కుచ్చిళ్ళు సన్నగా, దగ్గర దగ్గరగా పెట్టాను. నా ఇరవై రెండేళ్ళ పనిలో అంత శ్రద్ధగా కుట్టింది ఇంకొకటి లేదు. మా సొంత హాలుకి కుట్టినప్పుడు కూడా అంత ఒళ్ళు దగ్గరపెట్టుకోలేదు.

*

అన్నీ వేలాడదీసి, నేల తుడిచి, దీపాలు వేసిన సాయంత్రం మా మరిది పని నుంచి ఇంకా రాలేదు. నా తోడికోడలు డ్యూటీలో ఉంది. మా ఆయన మూల కూర్చుని రంపం తుడుచుకుంటున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసుకున్నాను. కప్పు ఎక్కడ మొదలవుతుందో, గోడ ఎక్కడ అయిపోతుందో కనిపెట్టడం నాకే కష్టమైంది. దూలం కరిగిపోయింది. వెలుతురు పైకెళ్ళి అక్కడే నిలిచినట్టుంది. నా మనసులోంచి ఏదో బరువు దిగింది.

అతనొచ్చాడు. అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర వంగాడు, లోపలికొచ్చి మెడ ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు. వెన్ను నిటారుగా అయింది. రెండు నెలల తర్వాత అతన్ని పూర్తి ఎత్తులో చూశాను. "ఇది మన ఇల్లేనా వదినా," అన్నాడు. చేతి సంచీ నేలమీద పెట్టేశాడు.

పాప పరుగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ ఎత్తింది. పాత ఊళ్ళో వాళ్ళిద్దరికీ అదొక ఆట అట, నాన్న రాగానే ఆమెని పైకి ఎగరేసి పట్టుకోవాలి. ఇక్కడికొచ్చాక అతను వంగి నడవడం చూసి పాప అడగడమే మానేసింది. ఆరోజు గది చూసి ఆ పిల్లకీ అనిపించిందేమో, అడిగింది. అతను చంకల కింద చేతులు వేసి, నవ్వుతూ, ఒక్క ఊపులో పైకెత్తాడు.

టక్కుమని చిన్న చప్పుడు.

పాప వెంటనే ఏడవలేదు. ఆశ్చర్యంగా పైకి చూసింది. తర్వాత నుదుటి పైనుంచి నెత్తురు కంటి మీదికి జారింది.

నేను చేతికందిన మిగులు గుడ్డ మడిచి అదిమి పట్టాను. మా ఆయన రంపం అక్కడే వదిలేసి ఆటో కోసం కిందికి పరుగెత్తాడు. ఆస్పత్రిలో మూడు కుట్లు పడ్డాయి. ప్రమాదమేమీ లేదు, రెండు రోజులు కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు. యూనిఫాంలోనే వచ్చిన నా తోడికోడలు కూతుర్ని ఒళ్ళోకి తీసుకుని, ఏమైందని మాత్రమే అడిగింది.

"నా తప్పే," అన్నాడు మా మరిది. "చెయ్యిపెట్టి చూశాను కదా, కప్పు ఎక్కడుందో నాకు తెలుసు. తెలిసి కూడా ఎత్తాను. నా తప్పే."

ఆ మాట అతను ఆ బెంచీ మీద కూర్చుని ఎన్నిసార్లన్నాడో. నేను పక్కన నిలబడి ఉన్నాను. నా గోళ్ళ సందుల్లో ఇంకా ఆ లేత రంగు ఉంది.

*

మర్నాడు పొద్దున ఇద్దరు మగవాళ్ళూ పనికెళ్ళాక నేను పైకెళ్ళాను. పాప, కాళ్ళు కోసిన మంచం మీద పడుకుని ఉంది. నా తోడికోడలు సెలవు పెట్టి, పక్కనే నేల మీద కూర్చుని ఆకుకూర ఒలుస్తోంది. నేనూ ఒక కట్ట తీసుకుని కూర్చున్నాను. నీకొక విషయం చెప్పాలి, ఈ ఇల్లు కట్టేటప్పుడు, అని మొదలుపెట్టాను.

"తెలుసక్కా," అంది.

నా చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది.

"వచ్చిన రోజే తెలుసు. కింది నుంచి మా వాటాకి ఇరవై రెండు మెట్లు. మా వాటా నుంచి డాబా మీదికి పదహారు. రోజంతా తలలు లెక్కపెట్టే ఉద్యోగం కదా, ఏదెక్కినా లెక్కపెట్టేస్తాను. మీ ఇంట్లో గోడ గడియారం తుడవాలంటే నిచ్చెన కావాలి. మా ఇంట్లో ఆయనకి కుర్చీ కూడా అక్కర్లేదు. దీనికి పెద్ద చదువు కావాలా."

మరి అతనితో ఎందుకు చెప్పలేదని అడిగాను.

ఆమె కాసేపు ఆకులు ఒలిచింది. ఆయన తన అన్నయ్య గురించి మాట్లాడేటప్పుడు మొహం ఎలా ఉంటుందో మీరూ చూశారు కదా, ఆ మొహం నా మాటతో చెడటం నాకిష్టం లేకపోయింది, అంది. మీరే చెబుతారని ఎదురుచూశానంది. ఉపాయాలు అడిగింది కూడా అందుకేనట. అప్పుడైనా నోరు తెరుస్తానేమోనని.

"మీరేమో గోడలకి రంగులేశారు," అంది. గొంతు పెంచలేదు. తర్వాత పాప నుదుటి మీద కట్టు సవరించి, నావైపు తిరక్కుండానే, "ఇప్పుడైనా నువ్వే చెప్పు అక్కా," అంది.

ఆ 'నువ్వు' గౌరవం తగ్గి వచ్చిందో, దగ్గరితనం పెరిగి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ తర్వాత ఆమె నన్ను మళ్ళీ 'మీరు' అనలేదు.

*

ఆ సాయంత్రం మా హాల్లో అందరం ఉండగా చెబుదామనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. తమ్ముడి ఎదురుగా కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పైన తగ్గించింది నేనే, కింద ఎక్కువ పెట్టించుకుందామని నాకే బుద్ధి పుట్టింది, అన్నాడు. ఆయన తమ్ముడితో అన్ని మాటలు వరసగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. నన్ను దాచి తను ముందుకొచ్చాడు.

నేను ఊరుకుంటే ఆ మాటే నిలబడిపోయేది. ఊరుకోవాలనీ అనిపించింది.

"ఆయన కాదు," అన్నాను. "మీ అన్నయ్య వద్దనే చెప్పాడు. నేనే అడిగాను."

మా మరిది మెల్లగా తల పైకెత్తి మా కప్పు చూశాడు. రెండు నెలలుగా ఆ గదిలోకి వస్తూ పోతూ ఉన్నా, అతను దాన్ని అలా చూడటం అదే మొదలు. ఆ మూల నుంచి ఈ మూలకి చూశాడు. నేను కుట్టిన కర్టెన్లు పైనుంచి కిందిదాకా చూశాడు. మా ఆయన ఏదో అనబోతే చేత్తో వద్దన్నాడు.

"ఎత్తు సంగతి కాదు వదినా," అన్నాడు చివరికి. "ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే, తీసుకోండి అనేవాణ్ణి. మీరు అడిగితే నేను కాదంటానా?"

లేచి పైకి వెళ్ళిపోయాడు. వడ్డించిన కంచం అలాగే ఉంది.

ఆ తర్వాత అతను కిందికి రావడం మానేశాడు. పనికి పోయేటప్పుడు మా గుమ్మం ముందు నుంచే పోవాలి, పోయేవాడు. కోపంగా కాదు, అద్దె ఇంటి పొరుగువాడు పోయినట్టు పోయేవాడు. అతను తిట్టి ఉంటే మా ఆయనకి అన్నం సహించేదేమో. ఎండలు నెత్తి మాడ్చేస్తున్నాయి. మధ్యాహ్నాలు పైన పాప ఉక్కకి ఏడవడం మా పదిన్నర అడుగుల చల్లదనంలోకి వినబడేది.

వాటాలు మార్చుకుందామని ముందు అన్నది నేనే. మా ఆయన అప్పటికే అనుకుంటున్నట్టున్నాడు, వెంటనే లేచి చొక్కా వేసుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, సామాను సర్దనా అని నేనడిగితే, వద్దు, ముందు వాణ్ణి అడగనీ, అన్నాడు. పైకెళ్ళి తమ్ముడి ముందు నిలబడి, కింద నువ్వుండు, పైన మేముంటాం, ఈసారి అడిగే చేస్తున్నాం, అన్నాడట.

మూడు రోజులు ఏ జవాబూ లేదు. నాలుగోరోజు పొద్దున నా తోడికోడలు మా గుమ్మంలో ప్రత్యక్షమైంది. "దిగేవాళ్ళు దిగితే ఎక్కేవాళ్ళు ఎక్కుతారట," అంది. ఆమె మొహంలో నవ్వు లేదు గానీ, గొంతులో బస్సు కదిలే ముందు ఉండే ఊపు ఉంది.

ఆదివారం మార్చుకున్నాం. కాళ్ళు కోసిన మంచాలు పైనే ఉండిపోయాయి, మా పొడుగు కాళ్ళవి కిందే ఉండిపోయాయి. కర్టెన్లు ఎక్కడివక్కడే. నాలుగు వంటగిన్నెలు, బట్టలు, నా కుట్టు మిషన్, ఆయన పనిముట్లు, అంతే మేం మోసుకెళ్ళింది. అన్నదమ్ములు మెట్ల మీద ఎదురుపడ్డప్పుడు ఒకరికొకరు దారిచ్చుకున్నారు.

*

పైన కాపురం పెట్టాక తెలిసింది, నా ఉపాయాలన్నీ గుమ్మంలో నిలబడి ఐదు నిమిషాలు చూసి పోయేవాళ్ళ కోసమని. కన్ను మోసపోతుంది. వేడి మోసపోదు. మధ్యాహ్నం కప్పు నుంచి దిగే సెగకి నేను పూసిన రంగు ఏంటో, వేసిన కుచ్చిళ్ళెన్నో అక్కర్లేదు, నేరుగా వచ్చి మాడు మీద కూర్చునేది. అయినా నోరెత్తే మొహం నాకు లేదు. ఆయనా ఎత్తలేదు. పొద్దుటిపూట మాత్రం, చల్లగా ఉన్నప్పుడు, ఆ లేత రంగు చూస్తుంటే బాగుండేది. పనితనంలో దోషం లేదు. దాన్ని ఏం దాచడానికి వాడానన్నదే దోషం.

కింద మా మరిది మెడ నెమ్మదిగా నిటారైంది. కిటికీలోంచి చూసేదాన్ని, వీధి మలుపులోనే గుర్తుపట్టేలా నడిచి వచ్చేవాడు. పాప కుట్లు విప్పారు. సాయంత్రాలు కింది హాల్లోంచి ఆ పిల్ల కేరింతలు వినబడేవి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. వింటూ మిషన్ ఆపేదాన్ని.

నా తోడికోడలు రోజూ వచ్చిపోయేది. అతను మాత్రం ఎక్కలేదు. నన్ను ఎదురుపడి పలకరించాల్సి వస్తే 'వదినా' అనకుండా వాక్యం పూర్తిచేయడం నేర్చుకున్నాడు. తెలుగులో అదేమంత సులువు కాదు. అయినా నేర్చుకున్నాడు.

ఎండలు చివరికొచ్చే ముందు నాకు ఒక బడి సభాగృహం కర్టెన్లు కుట్టే పని వచ్చింది. బరువైన గుడ్డ, పన్నెండడుగుల పొడవు. ఆ గదిలో దాన్ని పరిస్తే మాకు కాలు పెట్టే చోటు లేదు. ఒక మధ్యాహ్నం ఒంటరిగా కుడుతున్నాను. చెమట గుడ్డ మీద పడకుండా మెడకి తువ్వాలు చుట్టుకున్నాను, మిషన్ చక్రం తిప్పుతుంటే చెయ్యి జారుతోంది. గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది.

తల ఎత్తితే మా మరిది. వంగి, ఒక చెయ్యి పై గుమ్మానికి ఆనించి నిలబడ్డాడు. పక్కన పాప. ఆ పిల్ల నుదుటి మీద గీత గులాబీ రంగులో ఉంది. గుడ్డ పక్కకి లాగి దారి చేశాను.

అతను గదంతా ఒకసారి చూశాడు. కప్పు వైపు చూశాడు. వేడికి మొహం చిట్లించాడు.

"వదినా," అన్నాడు. "మధ్యాహ్నంపూట ఇక్కడ కుట్టకండి. కింద హాలు ఖాళీగానే ఉంటుంది."

నేను పర్లేదన్నాను. ఇంకెన్నాళ్ళు, వానలు పడతాయి కదా అన్నాను. ఏదేదో అన్నాను.

"మా ఆవిణ్ణి అడిగే వచ్చాను," అన్నాడు.

అన్నాక పెదవి చివర కొంచెం కదిలింది. అది నవ్వో, చురకో, రెండూనో. నాకు మాత్రం అది చాలు. సూది పైకి తీసి, దారం తెంపి, లేచి నిలబడ్డాను. అతను లోపలికి వచ్చి మిషన్‌ని బల్లతో సహా ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర మోకాళ్ళు వంచి, మిషన్ తగలకుండా, తల తగలకుండా, ఒడుపుగా బయటపడ్డాడు.

నేను గుడ్డ భుజాన వేసుకుని వెనకే బయల్దేరాను. ఎంత చుట్టుకున్నా ఒక కొస మెట్ల మీద ఈడుస్తూనే ఉంది. పాప అది చూసి రెండు చేతులతో పట్టుకుంది. ఒక్కొక్క మెట్టూ చూసుకుని దిగుతున్నాం, నేనూ ఆ పిల్లా. మలుపు దగ్గరికి వెళ్ళాక అతను ఆగి, ఆ బరువు చేతుల్లో ఉండగానే వెనక్కి తిరిగి, మేమిద్దరం వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.